జన్యుపటంలో గువాహిబోలు: ఒక నమూనా వెనుక ఉన్న చరిత్ర

కొలంబియా తూర్పు భాగంలోనూ వెనెజులా పడమటి భాగంలోనూ, ఆండీస్ పర్వతపాదాల నుంచి ఒరినోకో నది వరకు, యానోస్ అనే విశాలమైన గడ్డిమైదానాలు పరుచుకొని ఉన్నాయి. ఏడాదిలో సగానికి పైగా కురిసే వానలకు ఆ మైదానాల్లోని పల్లపు నేలలు నీట మునుగుతాయి. మిగిలిన నెలల్లో అదే నేల ఎండి బీటలు వారుతుంది. అడవి అనదగినది చాలావరకు నదుల ఒడ్డునే ఉంటుంది. మెటా, విచాదా, గువావియారె నదుల పరిసరాల్లో నివసించే ఇక్కడి ప్రజలను స్పానిష్ పత్రాలు గువాహిబోలని పేర్కొన్నాయి. కొలంబియాలో వారు ఎక్కువగా సికువానీలుగా, వెనెజులాలో హివీలుగా పిలువబడుతున్నారు. రెండు దేశాల్లోనూ కలిపి వారి సంఖ్య సుమారు 70 వేలు. కుయివా, హిత్నూ, గుయాబేరో ప్రజల భాషలు వారి భాషకు దగ్గరివి. ఈ నాలుగైదు భాషలు కలిసి ఒక చిన్న కుటుంబం. దీనిని పొరుగున ఉన్న అరవాక్ కుటుంబంతో కలపాలని కొందరు ప్రయత్నించారు గానీ, కనిపించే పోలికలు చిరకాలపు ఇరుగుపొరుగు వల్ల వచ్చినవే తప్ప ఒకే మూలం వల్ల వచ్చినవి కావన్న అభిప్రాయమే ఇప్పుడు బలంగా ఉంది.

అమెరికా ఖండాల్లో మనుషులు ఎప్పుడు, ఎలా అడుగుపెట్టారన్న ప్రశ్నకు జన్యువుల ద్వారా సమాధానం వెతికే పరిశోధనల్లో గువాహిబోల పేరు పలుమార్లు కనిపిస్తుంది. 2012లో నేచర్ పత్రికలో జన్యుశాస్త్రవేత్తలు డేవిడ్ రైక్, ఆండ్రెస్ రూయిజ్-లినారెస్ బృందం ప్రచురించిన అధ్యయనం వాటిలో ముఖ్యమైనది. అందులో అమెరికా మూలవాసుల 52 సమూహాలకు చెందిన 493 మంది జన్యు సమాచారాన్ని, సైబీరియాలోని 17 సమూహాల సమాచారంతో కలిపి, డీఎన్ఏలోని 3,64,470 స్థానాల వద్ద పోల్చి చూశారు. ఆ 52 సమూహాల్లో గువాహిబోలూ ఉన్నారు, వారి పొరుగువారైన పియాపోకోలూ ఉన్నారు. సగటున ఒక్కో సమూహానికి పదిమంది కూడా లేని ఈ నమూనాలతో వేల ఏళ్ల నాటి వలసలను ఊహించడం సాధ్యమే. ఎందుకంటే ఒక్క మనిషి జన్యురాశిలోనే వేలమంది పూర్వికుల నుంచి వచ్చిన ముక్కలు ఉంటాయి. అయితే అదే నమూనా నుంచి గువాహిబోలు ఎవరన్న ప్రశ్నకు సమాధానం వస్తుందనుకుంటే పొరపాటు. సుమారు పదిహేను వేల ఏళ్ల కిందటి వలసకూ ప్రయోగశాలకు చేరిన రక్తపు నమూనాకూ మధ్య దాదాపు మూడు శతాబ్దాల వలసపాలన, రోగాలు, బానిసల వేట, భూముల ఆక్రమణ ఉన్నాయి. గణిత లెక్కల్లో ఇవన్నీ జనసంఖ్య తగ్గుదల అనే ఒక్క అంకెగా ఇమిడిపోతాయి. ఆ అంకె ఎలా ఏర్పడిందో తెలియకుండా దానికి అర్థం చెప్పడం సరికాదు.

జన్యుశాస్త్రం ఖచ్చితంగా చెప్పగలిగిన విషయాలను ముందుగా చూడాలి. అమెరికా మూలవాసుల్లో తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ చాలావరకు ఏ2, బీ2, సీ1, డీ1 అనే నాలుగు పెద్ద వంశశాఖల్లోకే వస్తుంది. తండ్రి వైపు నుంచి వచ్చే వై క్రోమోజోములో క్యూ అనే శాఖదే పైచేయి. ఆసియాలో ఇంతకన్నా ఎన్నో రెట్ల వైవిధ్యం ఉండగా అమెరికాలో ఇంత కొద్ది శాఖలే కనిపించడానికి కారణం, సైబీరియాకూ అలాస్కాకూ మధ్య నాడు ఉన్న బెరింజియా నేల మీదుగా వచ్చినవారి సంఖ్య పరిమితంగా ఉండడమే. 2007లో వాంగ్ తదితరులు 24 మూలవాసీ సమూహాలను 678 మైక్రోశాటిలైట్ గుర్తుల (డీఎన్ఏలో పదేపదే పునరావృతమయ్యే చిన్న ముక్కల) ఆధారంగా పరిశీలించినప్పుడు మరో రెండు సంగతులు తేలాయి. బేరింగ్ జలసంధి నుంచి దక్షిణానికి వెళ్లే కొద్దీ జన్యువైవిధ్యం క్రమంగా తగ్గుతూ వచ్చింది. దక్షిణ అమెరికాలో మాత్రం ఆండీస్ వైపున్న పడమటి సమూహాల కంటే తూర్పు సమూహాల్లో వైవిధ్యం మరీ తక్కువగా ఉంది.

2012 అధ్యయనం ఈ చిత్రానికి మరింత స్పష్టత తెచ్చింది. ఆసియా నుంచి కనీసం మూడు ప్రవాహాలుగా జనం వచ్చారనీ, వాటిలో మొదటిదే కెనడా దక్షిణం నుంచి చిలీ వరకు ఉన్న దాదాపు అందరి మూలమనీ, వారు తీరం వెంబడి దక్షిణానికి సాగుతూ ఒకదాని తర్వాత ఒకటిగా విడిపోయారనీ, విడిపోయిన తర్వాత సమూహాల మధ్య జన్యుప్రవాహం (ఒక సమూహపు జన్యువులు మరో సమూహంలో కలవడం), ముఖ్యంగా దక్షిణ అమెరికాలో, పెద్దగా జరగలేదనీ అది తేల్చింది. ఈ చివరి వాక్యాన్ని చాలా జాగ్రత్తగా చదవాలి. యానోస్ చరిత్ర తెలిసినవారెవరికైనా అది వెంటనే మింగుడుపడదు.

స్పానిష్ వారు రాకముందు ఒరినోకో పరీవాహక ప్రాంతం ఒకరితో ఒకరికి పొత్తులేని చిన్న గుంపుల సముదాయం కాదు. ఎండాకాలంలో నది నీరు తగ్గి ఇసుకతిన్నెలు బయటపడినప్పుడు తాబేళ్లు అక్కడ గుడ్లు పెడతాయి. ఆ గుడ్ల కోసం, వాటి నూనె కోసం వేర్వేరు భాషల జనం అక్కడికి చేరేవారు, సంతలు జరిగేవి. గవ్వపెంకులతో చేసిన కిరిపా అనే పూసల దండలు డబ్బులా చెలామణి అయ్యేవి. నదుల ఒడ్డున చేదు కర్రపెండలం సాగుచేసే అచాగువాలు, సాలిబాలు ఒక వైపు, మైదానాల్లో వేటాడుతూ దుంపలు, తాటిపండ్లు సేకరిస్తూ తిరిగే గువాహిబోలు మరొక వైపు ఉండి, ఒకరి పంటను మరొకరి వేటతో మార్చుకునేవారు. ఇలాంటి చోట వస్తువులతో పాటు మనుషులూ ఒక గుంపు నుంచి మరో గుంపుకు వెళ్లి ఉంటారనుకోవడమే సహజం.

పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘానికి చెందిన మతప్రచారకులు మెటా, కసనారె, ఒరినోకో తీరాల్లో మిషన్లు, అంటే ఆదివాసులను చేర్చి మతం బోధించే స్థావరాలు, నెలకొల్పారు. ఒకచోట స్థిరంగా ఉండి సాగుచేసే అచాగువాలు, సాలిబాలు వారికి తొందరగా చిక్కారు. మశూచి, తట్టు వంటి రోగాలు కూడా గుంపుగా బతికే ఆ గ్రామాలనే ముందు కబళించాయి. డచ్చి వర్తకుల కోసం బానిసలను పట్టే కరిబ్ అనే మరో మూలవాసీ జాతి దళాల దాడులూ నది ఒడ్డు గ్రామాలకే ఎక్కువగా తగిలాయి. గువాహిబోలు మాత్రం మిషన్లలోకి తెచ్చినా నిలవకుండా మళ్లీ మైదానాల్లోకి వెళ్లిపోయేవారని జెస్యూట్ రాతలు పదేపదే వాపోతాయి. 1767లో స్పెయిన్ రాజు జెస్యూట్లను తన రాజ్యాల నుంచి వెళ్లగొట్టేనాటికి యానోస్‌లో జనసంఖ్యల తీరు తలకిందులైంది. ఒకప్పుడు సంఖ్యలోనూ సంపదలోనూ ముందున్న అచాగువాలు క్షీణించారు. సంచారులుగా చిన్నచూపు చూడబడిన గువాహిబోలు ఖాళీ అయిన నదీతీరాలకు విస్తరించారు. చెల్లాచెదురైన పొరుగు సమూహాల వారిని తమలో కలుపుకొన్నారు, కర్రపెండలం సాగునూ చేపట్టారు. 1970లలో రాబర్ట్ మోరే, నాన్సీ మోరే అనే మానవశాస్త్రవేత్తలు ఈ పరిణామాన్ని విపులంగా వివరించారు.

ఈ వివరణను అంగీకరిస్తే, ఇవాళ గువాహిబో నమూనాగా పిలిచే రక్తంలో అచాగువా, సాలిబా తదితర సమూహాల వారసత్వం కూడా కొంత ఉండే అవకాశం ఉంది. ఇది జన్యుప్రవాహమే. కానీ నాటి అచాగువాల నమూనాలు మన దగ్గర లేవు. ఏ సమూహం నుంచి జన్యువులు వచ్చాయో ఆ సమూహమే దాదాపు అంతరించిపోతే, ఆ రాకను గుర్తించడానికి పోలిక చూడదగ్గ ఆధారం పరిశోధకులకు దొరకదు. 2016లో లామాస్ తదితరులు దక్షిణ అమెరికాలోని పురాతన అవశేషాల నుంచి 92 మైటోకాండ్రియా జన్యురాశులను పూర్తిగా చదివారు. వాటిలో గుర్తించిన 84 విభిన్న వంశరేఖల్లో ఒక్కటీ నేటి మూలవాసుల నుంచి సేకరించిన సమాచారంలో కనిపించలేదు. కొలంబస్ తర్వాతి శతాబ్దాల్లో ఎన్ని వంశాలు తుడిచిపెట్టుకుపోయాయో చెప్పడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అరుదు. సమూహాల మధ్య కలయిక తక్కువని బతికి ఉన్నవారి నమూనాలను బట్టి చెప్పినప్పుడు, ఆ కలయికలో పాల్గొన్నవారిలో ఎందరు మిగిలారన్న ప్రశ్న కూడా వేయాల్సిందే.

ఇక్కడ జన్యు చలనం అనే భావనను కొంత వివరించాలి. సంతానం కలిగినప్పుడు తల్లిదండ్రుల జన్యువుల్లో సగమే బిడ్డకు చేరతాయి, ఏ సగమన్నది యాదృచ్ఛికం. పెద్ద జనాభాలో ఈ యాదృచ్ఛికత సర్దుకుపోతుంది. చిన్న జనాభాలో మాత్రం కొన్ని రకాలు ఏ కారణం లేకుండానే మాయమవుతాయి, మరికొన్ని అందరిలోనూ స్థిరపడతాయి. సంతానానికి జన్యువులను అందించేవారి సంఖ్య వాస్తవంగా 50 అయితే, ఒక్కో తరానికి జన్యువైవిధ్యంలో ఒక శాతం పోతుంది. ఇరవై తరాలు, అంటే సుమారు ఐదు వందల ఏళ్లు, ఇలాగే సాగితే ఆ వైవిధ్యంలో 18 శాతం కరిగిపోతుంది. ఆ సంఖ్య 25 అయితే నష్టం మూడో వంతుకు చేరుతుంది. దక్షిణ అమెరికా మూలవాసుల్లో దాదాపు అందరి రక్తం 'ఓ' (O) గ్రూపుకు చెందినదే కావడం ఈ ప్రక్రియ ఎంత దూరం వెళ్లగలదో చూపే ఉదాహరణ. రోగనిరోధక కారణాలు కూడా అందులో కొంత పాత్ర వహించి ఉండవచ్చు గానీ, కొద్దిమంది పూర్వికుల నుంచి ఒక ఖండమంతా నిండడమే ప్రధాన కారణంగా భావిస్తారు.

ఈ చలనాన్ని తక్కువగా అంచనా వేస్తే ఎలాంటి తప్పుదారి పట్టవచ్చో వెనెజులాలోనే ఒక చక్కని ఉదాహరణ దొరుకుతుంది. 1950లలో అక్కడి ఒక కుటుంబంలో కనుగొన్న రక్తకారకానికి ఆ కుటుంబం పేరుమీదుగానే డియెగో అని పేరు పెట్టారు. మిగేల్ లైరిస్, తూలియో అరెండ్స్ చేసిన పరీక్షల్లో అది అమెరికా మూలవాసుల్లోనూ, చైనా, జపాన్ ప్రజల్లోనూ కనిపించింది. ఐరోపా, ఆఫ్రికా మూలాలవారిలో దాదాపుగా కనిపించలేదు. ఆసియాతో ఉన్న బంధుత్వానికి అప్పట్లో ఇది గొప్ప ఆధారం. ఆ తర్వాత ఒరినోకో ముఖద్వారంలోని వరావోల వంటి కొన్ని సమూహాల్లో డియెగో కారకం లేదని తేలడంతో, 1961లో లైరిస్, యోహానెస్ విల్బర్ట్ సైన్స్ పత్రికలో ఒక ప్రతిపాదన చేశారు. ఈ కారకం లేనివారు దక్షిణ అమెరికాకు ముందుగా వచ్చిన తొలి వలసదారుల సంతతి అయివుండాలన్నదే దాని సారాంశం. వినడానికి ఎంతో సబబుగా అనిపించే ఈ వాదనలో ఒక చిక్కుంది. చిన్న సమూహంలో ఒక్క కారకం చలనం వల్ల కూడా పూర్తిగా మాయం కాగలదు. అది లేకపోవడానికి వేరే వలస ఉండి తీరాలన్న నియమం లేదు. ఒకే కారకాన్ని బట్టి చరిత్ర రాయడాన్ని తర్వాతి తరం శాస్త్రవేత్తలు విడిచిపెట్టి, లక్షల స్థానాలను ఒకేసారి పోల్చే పద్ధతికి మారడానికి ఇలాంటి అనుభవాలే కారణం.

అయినా లక్షల స్థానాలు చూసినంత మాత్రాన ఒక మౌలికమైన ఇబ్బంది తీరదు. రెండు సమూహాల మధ్య దూరాన్ని కొలవాలంటే ముందుగా ఆ సమూహాలు ఏవో నిర్ణయించాలి. ఈ సందర్భంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంకవేత్త సి.ఆర్. రావును తలచుకోవడం సముచితం. 1946లో కేంబ్రిడ్జికి వెళ్లిన ఆయన అక్కడి మ్యూజియంలో, సూడాన్‌లోని జెబెల్ మోయాలో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలను భారత గణాంకవేత్త మహలనోబిస్ రూపొందించిన దూరమాన పద్ధతితో విశ్లేషించారు. కొలత ఎముకలదైనా జన్యువులదైనా, గణిత సూత్రం ఇచ్చే దూరం మనం ముందే గీసిన గీతల మధ్య దూరమే. గువాహిబోల విషయంలో ఆ గీతలు ఎవరు గీశారు? మిషన్ రికార్డులు, జనగణన అధికారులు, భాషావేత్తలు. అంతర్జాతీయ పరిశోధనల్లో విస్తృతంగా వాడే మానవ జన్యువైవిధ్య సేకరణలో 'కొలంబియన్' అనే ఒకే పేరు కింద పియాపోకో, కురిపాకో వారి నమూనాలున్నాయి. ఒక దేశం పేరు రెండు చిన్న సమూహాలకు అంటుకోవడం వల్ల, ఆ నమూనాల గురించి రాసిన వాక్యాలను కొలంబియా ప్రజలందరికీ వర్తింపజేసుకునే ప్రమాదం ఉంది. విచాదా ప్రాంతంలో సికువానీలు, పియాపోకోలు పక్కపక్కనే నివసిస్తున్నారు, వియ్యమూ అందుకుంటున్నారు. అలాంటి చోట తల్లి ఒక భాష, తండ్రి మరో భాష మాట్లాడే మనిషిని ఏ గడిలో వేయాలన్నది జీవశాస్త్రం తేల్చే విషయం కాదు.

తెలుగు పాఠకులకు పరిచితమైన ఒక పోలిక ఇక్కడ పనికివస్తుంది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు, రైక్ బృందం కలిసి 2009లో ప్రచురించిన భారత జనాభా అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో బలమైన స్థాపక ప్రభావం కనిపించింది. కొద్దిమంది పూర్వికుల నుంచి విస్తరించి, వందకు పైగా తరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడమే దానికి కారణం. మత్తుమందు ఇచ్చేటప్పుడు వాడే ఒక కండర సడలింపు మందు కొందరు వైశ్యుల శరీరంలో త్వరగా విచ్ఛిన్నం కాకపోవడం వంటి వైద్య సమస్యలకు దానితో సంబంధం ఉంది. గణితం దృష్టిలో వైశ్యుల స్థాపక ప్రభావమూ, ఒరినోకో సమూహాల్లో కనిపించే వైవిధ్య నష్టమూ ఒకే కోవకు చెందినవి. చరిత్ర దృష్టిలో మాత్రం వాటి మధ్య ఎంతో అంతరం ఉంది. ఒకటి సంఘం పాటించిన వివాహ నియమం వల్ల జరిగింది. రెండోదానిలో మొదటి వలసల నాటి చిన్న సంఖ్యలకు తోడు, వలసపాలకులూ స్థిరనివాసులూ సాగించిన హింస కూడా ఉంది.

ఆ హింసను సాధారణ మాటల్లో చెప్పి వదిలేయడం న్యాయం కాదు. 1800లో ఒరినోకో మీద ప్రయాణించిన జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ హంబోల్ట్ ఒక సంఘటనను నమోదు చేశాడు. 1797లో సాన్ ఫెర్నాండో మిషన్ మతాధికారి తన కింద ఉన్న ఆదివాసులను వెంటబెట్టుకొని గువావియారె ఒడ్డుకు వెళ్లి, ఒక గుడిసెలో ఉన్న గువాహిబో తల్లినీ ఆమె ముగ్గురు పిల్లలనూ పట్టి తెచ్చాడు. ఆమె మళ్లీ మళ్లీ పారిపోయింది. కొరడాలతో కొట్టి, పిల్లలకు దూరంగా జవీతా మిషన్‌కు పంపితే, వానాకాలంలో వరదనీరు నిండిన అడవిని ఒంటరిగా దాటి పిల్లల దగ్గరికి వచ్చింది. మళ్లీ వేరు చేసి ఎగువ ఒరినోకో మిషన్‌కు పంపినప్పుడు అన్నం ముట్టక ప్రాణం విడిచింది. ఆమె పిల్లలు పెరిగి ఉంటే, వారి సంతతి మరో భాష మాట్లాడే మిషన్ గ్రామంలో కలిసిపోయి ఉండేది. జన్యుప్రవాహం అన్న నిర్వికారమైన మాట వెనుక ఇలాంటి అపహరణలూ ఉన్నాయి.

ఇరవయ్యో శతాబ్దంలోనూ ఇది ఆగలేదు. పశువుల పెంపకందారులు యానోస్‌ను ఆక్రమించే కొద్దీ ఆదివాసులను వేటాడడం ఒక అలవాటుగా మారి, ఆ ప్రాంతపు స్పానిష్‌లో గువాహిబోల పేరుమీదుగా ఒక క్రియాపదమే పుట్టింది. 1967 డిసెంబరులో వెనెజులా సరిహద్దు దగ్గర లా రూబియేరా పశువుల క్షేత్రానికి చెందిన మనుషులు 16 మంది కుయివాలను భోజనానికి పిలిచి చంపారు. వారిలో చిన్నపిల్లలూ ఉన్నారు. ఆదివాసులను చంపడం నేరమని తమకు తెలియదని నిందితులు కోర్టులో చెప్పారు. 1972లో జ్యూరీ ఆ వాదనను అంగీకరించి వారిని విడిచిపెట్టింది. తీవ్ర నిరసన తర్వాత మళ్లీ విచారణ జరిగి శిక్షలు పడ్డాయి. వెనెజులా వైపున ఉన్న హివీల జనన మరణాలను ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన కిమ్ హిల్, మగ్దలేనా ఉర్తాదో 2007లో ప్రచురించిన వివరాల ప్రకారం, వారి వయోజనుల్లో మరణాల రేటు ఇతర వేటగాళ్ల సమాజాల కంటే ఎక్కువ. హత్యలు, రోగాలు అందులో ప్రధాన కారణాలు. సంతానానికి జన్యువులను అందించేవారి సంఖ్యను తగ్గించే ఏ లెక్కలోనైనా ఈ మరణాలకు స్థానం ఉండాలి.

నమూనాలు ఎలా సేకరించారు, ఎవరి అనుమతితో వాడుతున్నారు అన్నది దీనికి ఆనుకొని ఉన్న ప్రశ్న. 1990ల ఆరంభంలో బొగొటాలోని జావెరియానా విశ్వవిద్యాలయం, జన్యుశాస్త్రవేత్త హైమే బెర్నాల్ విజేగాస్ నాయకత్వంలో, మహా మానవ యాత్ర పేరుతో కొలంబియాలోని మారుమూల సమూహాల వద్దకు వైద్యులను, పరిశోధకులను పంపింది. వైద్యసేవలు అందాయి, రక్తనమూనాలూ సేకరించారు. ఆ నమూనాల భవిష్యత్తు గురించి తర్వాత వివాదమూ చెలరేగింది. బ్రెజిల్‌లో కరితియానా ప్రజల కణాలు విదేశీ సంస్థల ద్వారా అమ్మకానికి వచ్చాయని తెలిసి ఆ సమూహం నిరసించింది. అమెరికాలోని అరిజోనాలో హవసుపాయ్ తెగవారు మధుమేహ పరిశోధన కోసం ఇచ్చిన రక్తాన్ని వలసల చరిత్ర, మానసిక వ్యాధులు వంటి వాటికీ వాడారని తెలిసి దావా వేశారు. 2010లో ఆ నమూనాలు సేకరించిన అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం ఏడు లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలను తిరిగి ఇచ్చింది. తాము నివసించే లోయలోనే పుట్టినవారమని నమ్మే ప్రజలకు, మీరు ఆసియా నుంచి వచ్చారని తమ రక్తాన్నే సాక్ష్యంగా చూపడం ఎంత బాధ కలిగిస్తుందో ఆ వ్యాజ్యం బయటపెట్టింది.

2012 నాటి అధ్యయనం ఈ విషయంలో కొంత జాగ్రత్త తీసుకుంది. ఆ సమాచారాన్ని లాభాపేక్ష లేని జనాభా చరిత్ర పరిశోధనకు మాత్రమే, కొలంబియాలోని అంతియోకియా విశ్వవిద్యాలయంతో ఒప్పందం మీదే వాడాలన్న షరతు పెట్టారు. ఇది మెచ్చుకోదగిన ఏర్పాటు. అయినా ఈ ఒప్పందం రెండు సంస్థల మధ్యది. అందులో సికువాని గ్రామ సభలకు సంతకం చేసే స్థానం లేదు. కొలంబియా రాజ్యాంగం 1991 నుంచి ఆదివాసీ రక్షిత భూములకు, వాటి పాలనా మండళ్లకు చట్టబద్ధమైన గుర్తింపు ఇస్తోంది. కాబట్టి అనుమతి అడగడానికి తగిన వేదికలు లేవని ఎవరూ చెప్పలేరు.

యానోస్ గురించి ఇకముందు జరిగే జన్యు పరిశోధన చాలావరకు ఆ సభల మీదే ఆధారపడక తప్పదు. వేడి, తేమ, ఆమ్లగుణం ఎక్కువగా ఉండే ఇలాంటి ఉష్ణమండల నేలల్లో ఎముకలు త్వరగా శిథిలమవుతాయి. ఆండీస్ గుహల్లో, పెరూ ఎడారి తీరాల్లో దొరికినంతగా పురాతన డీఎన్ఏ ఇక్కడ దొరకడం కష్టం. అందువల్ల అచాగువాలతో, సాలిబాలతో, పియాపోకోలతో గువాహిబోల కలయిక ఎంత, అది ఎప్పుడు జరిగిందన్న ప్రశ్నకు సమాధానం ఎక్కువగా ఇప్పుడు బతికి ఉన్నవారి దగ్గరే ఉంది. ఒక్కో నమూనాకు ఒక తెగ పేరు తగిలించడంతో సరిపెట్టకుండా, ఆ మనిషి తాతముత్తాతలు ఏ నది ఒడ్డు నుంచి వచ్చారు, ఏయే భాషలు మాట్లాడారు, ఏ మిషన్ నుంచి లేదా ఏ దాడి నుంచి తప్పించుకొని వచ్చారు అన్న వివరాలను వారి అనుమతితో నమోదు చేస్తే తప్ప, లక్షల జన్యుస్థానాలు చదివినా ఆ ప్రశ్న ముందుకు కదలదు. ఆ జ్ఞాపకాలను మోస్తున్న పెద్దవారు యానోస్ గ్రామాల్లో ఇంకా ఉన్నారు.